ధర చీటీ వెనుక కథ: డర్బన్ తెలుగు వంటిళ్ళ లెక్కల పుస్తకం

మన సభ ఉత్సవ సంచికలలో పెద్దలు గుళ్ళు కట్టిన చరిత్ర, భజన బృందాల చరిత్ర, తెలుగు బళ్ళు నడిపిన చరిత్ర వ్రాస్తూ వచ్చారు. అవి వ్రాయదగినవే. వంటింటి సంగతి వచ్చేసరికి మాత్రం ఆవకాయ దగ్గరో పులిహోర దగ్గరో ఆగిపోతాము. ఆ పులిహోర వండిన పొయ్యిని ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, కొనేముందు ఎన్ని నెలలు కాచుకొని కూర్చున్నారు అన్నది ఎవరూ వ్రాయలేదు. ఈ సంవత్సరం మేము ఆ పని పెట్టుకున్నాము. మేము తెలుగు అక్షరాలు దిద్దినది సాయంకాలపు తరగతిలో, తల నెరిసిన తరువాత. అందుచేత మాటలు సాదాగా ఉంటాయి. పాఠకులు మన్నింతురు గాక.

నవంబరు నెలాఖరున వచ్చే బ్లాక్ ఫ్రైడే అనే అమెరికా ఆచారం మన దేశంలో పాతుకొని పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. అయినా ఇప్పుడు దీపావళికి ఎంత హడావుడి ఉంటుందో దానికీ అంత ఉంటుంది. ఫ్రిజ్‌ల మీద, స్టవ్‌ల మీద ఎర్ర చీటీలు అంటిస్తారు. చీటీ మీద పాత ధర కొట్టివేసి కింద కొత్త ధర పెద్ద అంకెలలో వేస్తారు. ఆ కొట్టివేసిన ధరను ఎవరైనా, ఎప్పుడైనా నిజంగా చెల్లించారా? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు అమ్మేవాని దగ్గర దొరకదు. నిన్నటి ధర, మొన్నటి ధర వ్రాసి పెట్టుకున్న మనిషి దగ్గర దొరుకుతుంది. మన ఇళ్ళలో అలా వ్రాసి పెట్టుకున్నవారు ఉండేవారు. వారిలో కొందరికి వ్రాయడమే రాదు. వారిని గూర్చే ఈ వ్యాసం.

మా తాత, అవ్వల తరానికి మొదట ధరతో పని లేదు. 1860 నవంబరు 16న మదరాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ 342 మందిని డర్బన్ రేవులో దింపింది. అది మొదలు 1911 దాకా నేటాలుకు ఒప్పందపు కూలీలుగా వచ్చినవారు 152,184 మంది. మదరాసు ఓడలలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు వచ్చారు. మగవానికి మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరుగుదల. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు తోటదొర కొలిచి ఇచ్చేవాడు. కొలత తగ్గితే నోరు మూసుకోవడమే గాని అక్కడ బేరం లేదు. ఒప్పందం తీరి బయటపడ్డ తరువాత మనవారికి ఎదురైన మొదటి పెద్ద ధర ఏ వస్తువుదీ కాదు, మనిషిది. 1895 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగిశాక ఇక్కడే ఉండదలచినవారు ఏడాదికి తలకు మూడు పౌండ్లు పన్ను కట్టాలి. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు. పది షిల్లింగుల జీతగానికి అది ఆరు నెలల సంపాదన. 1914లో గాని ఆ పన్ను పోలేదు.

స్వేచ్ఛ వచ్చాక మనవారిలో చాలామంది కూరగాయలు పండించారు. డర్బన్‌లో వార్విక్ కూడలి దగ్గర 1934లో తెరిచిన ఎర్లీ మార్నింగ్ మార్కెట్ వారికి సరకు అమ్ముకునే చోటు అయింది. నేటికీ అది అక్కడే ఉంది. 2009లో దాని చోట మాల్ కట్టాలని పట్టణ పాలకులు తలపెట్టినా, వర్తకులు ఎదురు తిరగడంతో ఆ ఆలోచన సాగలేదు. మా అవ్వ అమ్మడంలోనూ కొనడంలోనూ ఆ బజారులోనే ఆరితేరింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు అక్షరాలూ రావు. కాని వంటింటి తలుపు వెనుక బొగ్గుతో గీతలు గీసేది. షిల్లింగుకు పొడుగు గీత, పెన్నీకి పొట్టి గీత. బియ్యానికి ఒక వరుస, పారఫిన్ నూనెకు ఒక వరుస. ఇంటికి సున్నం వేసే రోజు వస్తే ఆ తలుపు జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. పండుగ ముందు పారఫిన్ వాడు ధర పెంచి, పండుగ నాడు కొంచెం దించి, తగ్గించాను తీసుకో అంటే, అవ్వ తలుపు వైపు చూసి నవ్వేదని నాయన చెప్పేవారు. మా వంశంలో ధరల మీద కన్ను వేసి ఉంచిన మొదటి మనిషి ఆమె.

పారఫిన్ ఎందుకంటే ప్రైమస్ స్టవ్ కోసం. 1892లో స్వీడన్‌లో పుట్టిన ఆ ఇత్తడి పొయ్యి మా ఇంటికి వచ్చిన మొదటి వంటింటి యంత్రం. దాని తరువాత బొగ్గుతో మండే డోవర్ ఇనుప పొయ్యి వచ్చింది. రుబ్బురోలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక బేరం లేని ధర ఎక్కడ నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. వస్తువు మీద ధర వ్రాసి, అందరికీ అదే ధర అనడం లోకంలో చాలా పాతది కాదు. పారిస్‌లో 1852 నుంచి బోన్ మార్షే దుకాణాన్ని నడిపిన అరిస్టీడ్ బూసికో, ఆ తరువాత అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ వానమేకర్ దానిని పెద్ద ఎత్తున పాటించి పేరు పొందారు. అంతకు ముందు చీటీ మీద ధర ఉన్నా అది దుకాణదారునికి మాత్రమే తెలిసే గుప్తభాషలో ఉండేది. ఒకే అక్షరం రెండుసార్లు రాని పది అక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి ఎన్నుకొని, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె పెట్టుకొనేవారు. కొనేవానికి అది అక్షరాల గుంపు. గుమాస్తాకు అది సరకు పడ్డ ఖరీదు. మా గణితం తరగతిలో పిల్లలచేత ఇటువంటి మాటలు వెతికించేవారము. వారికి లెక్కలకంటే ఇదే ఎక్కువ ఇష్టం.

1927లో జొహానెస్‌బర్గ్‌లో శామ్ కోహెన్, మైకేల్ మిల్లర్ ప్రారంభించిన ఓకే బజార్స్ వంటి పెద్ద దుకాణాలతో ఈ అచ్చు ధర మన దేశంలో సామాన్యుల దాకా వచ్చింది. డర్బన్‌లో మనవారికి రెండు లోకాలు ఉండేవి. గ్రే వీధి భారతీయ దుకాణాలలో బేరం ఉంది, అరువు ఉంది, పెళ్ళికి ఎప్పుడు పిలుస్తారనే పలకరింపు ఉంది. వెస్ట్ వీధిలోని పెద్ద దుకాణాలలో అచ్చు ధర ఉంది. 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం కాలంలో మన డబ్బు పుచ్చుకొనే చోట మనం కూర్చొని టీ త్రాగడానికి వీలు లేదు. అయినా మా అమ్మ ఒక మాట అనేది: గుమాస్తా మొహం చిట్లించినా చీటీ చిట్లించదు. తెల్లవారికి వ్రాసిన అంకే మనకూ. అంతమాత్రాన ఆ దుకాణాలు గొప్పవని మేము అనడం లేదు. చీటీ ఉన్న చోట లెక్క పెట్టుకోవడం సులభమని మాత్రమే అంటున్నాము.

కరెంటు పొయ్యి సంగతి మన ఊరి సంగతే. 1905లో డర్బన్‌లో ఇనుప పని కార్ఖానాగా మొదలైన కంపెనీ తరువాత డిఫై పేరుతో ప్రసిద్ధి చెందింది, 1932లో ఎలక్ట్రిక్ స్టవ్ తయారుచేసింది. పేరు మన ఊరిదే గాని పొయ్యి మన వంటింట్లోకి రావడానికి ఇంకొక ముప్పై ఏళ్ళు పట్టింది. పురపాలక సంఘం కూలీల కోసం కట్టిన మాగజీన్ బారక్స్ గదులలో తెలుగువారు, తమిళులు కిక్కిరిసి ఉండేవారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వారిని లేపి చాట్స్‌వర్త్‌కు పంపింది. బారక్స్‌లో పోగొట్టుకున్నది ఏమిటో ఈ సంచికలలో పెద్దలు ఇదివరకే వ్రాశారు. మా కుటుంబానికి ఆ 1960లలో కొత్త ఇంటితో కలిసి వచ్చిన ఒకే ఒక మేలు గోడలోని కరెంటు ప్లగ్గు.

ఆ దశాబ్దంలోనే రెండు మార్పులు జరిగాయి. మొదటిది, 1961 ఫిబ్రవరి 14న పౌండ్లు పోయి రాండ్లు వచ్చాయి. పౌండుకు రెండు రాండ్లు, షిల్లింగుకు పది సెంట్లు. అవ్వ తన పొడుగు గీత పక్కన పది చుక్కలు పెట్టి సరిపెట్టుకుంది. రెండవది ఎవరికీ కనిపించని మార్పు. అంతవరకు తయారుదారు ఏ ధర చెప్తే ఏ దుకాణమైనా ఆ ధరకే అమ్మాలనే కట్టుబాటు చాలా సరకులకు ఉండేది. బ్రిటన్‌లో 1964లో చట్టం చేసి దాన్ని సడలించారు. మన దేశంలో 1969లో నిషేధించారు. ఆ కట్టుబాటు ఉన్నంత కాలం ఒక మిక్సర్ కోసం నాలుగు దుకాణాలు తిరిగినా చెప్పులు అరగడమే లాభం. అది పోయిన మరుసటి సంవత్సరమే, 1970లో, తక్కువ ధరలే తన పేరుగా డర్బన్‌లో గేమ్ దుకాణం తెరిచారు. 1971లో జెర్మిస్టన్‌లో మాక్రో వచ్చింది. ఈ మూడు సంవత్సరాలు వరుసగా రావడం కాకతాళీయం కాదని మా అభిప్రాయం. ధర తగ్గడానికి వీలు కలిగినప్పుడే ధర తగ్గుదలను కనిపెట్టే పని కూడా పుట్టింది.

ఆ పని మా ఇంట్లో అమ్మ చేసింది. ఆమె బట్టల కార్ఖానాలో కుట్టు మిషను మీద పనిచేసేది. పత్రికలో మడిచి వచ్చే ప్రకటన కాగితాలు కత్తిరించి మా పాత ఎక్సర్సైజు పుస్తకాలలో అంటించేది. పక్కన తేదీ, దుకాణం, వస్తువు నంబరు వ్రాసేది. 1950లో బ్రిటన్‌లో విడుదలైన కెన్‌వుడ్ షెఫ్ మిక్సర్ మీద ఆమెకు మనసు ఉండేది. అది కొనడానికి ముందు దాని గూర్చి పన్నెండు పేజీలు నిండాయి. శనివారం మధ్యాహ్నం కొనకుండా దుకాణానికి పోవడం మాకు ఒక విహారం. అమ్మ పెట్టెను వెనక్కు త్రిప్పి చూసేది. ఆ రోజులలో చిన్న తుపాకీ వంటి పరికరంతో ధర చీటీలు టకటక అంటించేవారు. ధర మారితే పాత చీటీ మీదే కొత్తది అంటించేవారు. అమ్మ గోటితో మెల్లగా అంచు లేపితే కింద పాత ధర కనిపించేది. ఒకసారి తగ్గింపు అని బోర్డు పెట్టిన కెటిల్ మీద మూడు చీటీలు ఉన్నాయి. అడుగున ఉన్నది అన్నిటికంటే తక్కువ ధర! అమ్మ కెటిల్‌ను మెల్లగా అల్మారాలో పెట్టేసి, పోదాం పదండి అంది. మా నాయన ఆ కథను పెళ్ళిళ్ళలో చెప్పని రోజు లేదు.

1974 జూన్ 26న అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో ఒక దుకాణంలో మొట్టమొదటిసారి బార్‌కోడ్ గీతలను యంత్రం చదివింది. ఆ పద్ధతి క్రమంగా ఇక్కడకూ వచ్చింది. ధర పెట్టె మీద నుంచి అల్మారా అంచుకు, అక్కడ నుంచి కంప్యూటరులోకి పోయింది. టిల్లు దగ్గర వరుస త్వరగా కదులుతోందని అందరూ సంతోషించారు. కాని గోటితో లేపి చూడటానికి ఇంక కింద చీటీ లేదు. చరిత్ర వ్రాసేవారికి ఇది శాసనం చెరిపివేసినంత నష్టం. ఈ మాట ఎవరైనా వ్రాశారేమో గాని మేము చదవలేదు.

అమ్మ పుస్తకాలలో ఆరు ఇప్పుడు మా వద్ద ఉన్నాయి. వాటిని చదివినప్పుడు మొదట కనిపించేది తగ్గుదల కాదు, పెరుగుదల. మన దేశంలో 1974 నుంచి 1992 దాకా ధరలు ఏడాదికి పది శాతానికి మించి పెరుగుతూ వచ్చాయి. 1986లో అది 18 శాతం దాటింది. అటువంటి కాలంలో చీటీ మారకపోవడమే తగ్గింపు. ధరలు 15 శాతం పెరిగిన ఏడాదిలో 100 రాండ్ల చీటీ అలాగే ఉంటే, దాని విలువ పోయిన ఏడు లెక్కన 87 రాండ్లే. జీతం కూడా పెరిగితేనే అనుకోండి. 1985 ఆగస్టు 15న అధ్యక్షుడు పి. డబ్ల్యు. బోతా మన డర్బన్ సిటీ హాలులోనే రూబికాన్ ప్రసంగం చేశాడు. సంస్కరణలు వస్తాయని లోకం ఎదురుచూస్తే అతడు మొండిచెయ్యి చూపాడు. రాండు విలువ పడిపోయింది. ఆ ఏడు చివర అమ్మ పుస్తకంలో బ్రిటన్ మిక్సర్ ధర మూడుసార్లు మారింది, మూడుసార్లూ పైకే. రాజకీయాలు మనకెందుకు అనేవారికి మేము ఆ పేజీ చూపిస్తూ ఉంటాము.

పన్నుల పేజీ కూడా చదవదగినదే. 1978 జూలైలో జీఎస్టీ 4 శాతంతో మొదలై, 1989 నాటికి 13 శాతం అయింది. దాన్ని టిల్లు దగ్గర చీటీ ధరకు కలిపేవారు. 1991లో దాని స్థానంలో 10 శాతం వ్యాట్ వచ్చింది. ఇక మీదట పన్నుతో కలిపిన ధరే చీటీ మీద చూపాలన్నారు. పన్ను 13 నుంచి 10కి తగ్గింది, చీటీ మీద అంకె మాత్రం పెరిగింది! వీధిలో అందరూ దుకాణాలు దోచుకుంటున్నాయని గగ్గోలు పెడితే, అమ్మ రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో పాత చీటీకి 13 శాతం కలిపి, రెండవదానిలో కొత్త చీటీ వ్రాసి, ఏ వస్తువు నిజంగా పెరిగిందో ఏది పెరగలేదో విడదీసింది. కొన్ని తగ్గాయి. కొన్ని పన్ను తగ్గిన సందు చూసి పెరిగాయి. ఆ తరువాత వ్యాట్ 1993లో 14 శాతం, 2018 ఏప్రిల్ 1 నుంచి 15 శాతం అయింది. ఇప్పుడు అప్పుడప్పుడు కొన్ని దుకాణాలు ఈ వారం మీ తరఫున వ్యాట్ మేమే కట్టుతాము అంటాయి. వినేవారు 15 శాతం తగ్గింపు అనుకుంటారు. 1150 రాండ్ల వస్తువులో వ్యాట్ 150. ఆ 150 తీసివేస్తే తగ్గినది ధరలో 13 శాతం. బడిపిల్లలకు శాతాలు నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు. రెండు సెంట్ల నాణెం, ఒక సెంటు నాణెం ముద్రించడం 2002లో మానివేశారు, అయిదు సెంట్లది 2012లో. అయినా చీటీల మీద 99 సెంట్లు తిష్ట వేసుకొని కూర్చున్నాయి.

వాయిదాల సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. నగదు ఉన్నవాడు తగ్గింపు కోసం కాచుకోగలడు. లేనివాడికి రెండు దారులు ఉండేవి. హయర్ పర్చేజ్ అయితే వస్తువు నేడే ఇంటికి వస్తుంది, వడ్డీ కూడా దానితోపాటు వస్తుంది. లే-బై అయితే కొంచెం కొంచెం కట్టి, అంతా తీరాక ఇంటికి తెచ్చుకోవాలి. అమ్మ లే-బై మనిషి. మా వీధిలో ఒక అక్కయ్య హయర్ పర్చేజ్ మీద ఫ్రిజ్ తెచ్చుకుంది. ఆమె భర్తకు జబ్బు చేసి నాలుగు వాయిదాలు తప్పాయి. ఒక ఉదయం లారీ వచ్చింది. దుకాణం పేరు ఇక్కడ వ్రాయము. ఫ్రిజ్‌లో ఉన్న పాలు, పెరుగు, పిల్లవాని మందు సీసా గుమ్మం మీద దించి ఫ్రిజ్ తీసుకుపోయారు. అప్పటికి ఆమె కట్టిన డబ్బుతో, ఆ జనవరిలో తగ్గిన ధరకు, అదే ఫ్రిజ్ నగదుకు వచ్చి ఉండేది. ఆ సంగతి అమ్మ పుస్తకంలో ఉంది. అమ్మ ఆమెకు ఎన్నడూ చూపలేదు. ఆ రోజు నుంచి ఆ అక్కయ్య పాలు మా ఫ్రిజ్‌లో ఉండేవి.

తరువాత చట్టాలు వచ్చాయి. 2007లో పూర్తిగా అమలైన నేషనల్ క్రెడిట్ చట్టం అప్పు ఇచ్చేముందు కట్టే శక్తి ఉందో లేదో చూడమంది. 2011లో అమలుకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం లే-బైకు కూడా నియమాలు పెట్టింది. ఒక వస్తువు మీద ఒకేసారి రెండు ధరలు కనిపిస్తే తక్కువ ధరే తీసుకోవాలని అందులో ఉంది. ఇది మనవారిలో చాలామందికి తెలియదు. లేని ధర లాభాన్ని ఉన్నట్టు చూపకూడదని కూడా ఉంది. కాని ఐరోపా సమాజం 2022 మే 28 నుంచి అమలుచేసిన నియమం వలె, తగ్గింపు ప్రకటిస్తే గడచిన ముప్పై రోజులలోని అతి తక్కువ ధరను చూపాలి అనే రోజుల లెక్క మన చట్టంలో లేదు. కనుక ఆ ముప్పై రోజులూ మనమే వ్రాసుకోవాలి.

మన ఆడవారు నిజంగా కోరుకున్న యంత్రం మాత్రం ఏ పెద్ద దుకాణంలోనూ ఉండేది కాదు. అది పిండి రుబ్బే గ్రైండర్. కారణం రాజకీయం, అదీ న్యాయమైనది. జాతి వివక్షకు నిరసనగా 1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానివేసింది. ప్రపంచంలో మొట్టమొదట ఆ పని చేసినది భారతదేశమే. 1993 దాకా ఆ నిషేధం ఉంది. ఆ నలభై ఏడు సంవత్సరాలు కోయంబత్తూరు గ్రైండర్ మనకు కథలలో మాత్రమే వినబడేది. ఇంగ్లీషువారి లిక్విడైజరులో మినప్పప్పు వేసి, అది వేడెక్కి ఆగిపోతే తడిగుడ్డ కప్పి, మళ్ళీ త్రిప్పి దోసెలు పోసుకున్నాము. మన స్వేచ్ఛ కోసం పెట్టిన నిషేధం గనుక ఎవరూ సణగలేదు. దోసెలు మాత్రం గట్టిగానే వచ్చేవి. నిషేధం తొలగాక మొదటి గ్రైండర్లు వచ్చినప్పుడు ఒక వింత చూశాము. దాని పెద్ద గుండ్రటి మూడు ముళ్ళ ప్లగ్గు మన గోడకు అలాగే సరిపోయింది. రెండు దేశాలూ బ్రిటిషువారి పాత కొలతనే ఉంచుకున్నాయి మరి. మొదట అమ్మేవారు తక్కువ, ధర ఎక్కువ. దిగుమతిదారులు పెరిగే కొద్దీ ధర దిగివచ్చింది. అమ్మ ఆరవ పుస్తకంలో చివరి పేజీలు అన్నీ దానివే.

ఆ ఆరవ పుస్తకం మధ్యలో ఒక ఖాళీ ఉంది. 1994 తరువాత దేశం తలుపులు తెరిచింది, దిగుమతి సుంకాలు తగ్గాయి. కెటిళ్ళు, టోస్టర్లు, ఇస్త్రీ పెట్టెలు మునుపెన్నడూ లేనంత చవకగా వచ్చాయి. అదే తలుపు గుండా చవక బట్టలూ వచ్చాయి. డర్బన్ బట్టల కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. అమ్మ పనిచేసినదీ పోయింది. ఆ నెలలలో ఆమె ఏమీ అంటించలేదు. తరువాత మళ్ళీ మొదలుపెట్టింది. దీని గూర్చి ఆమెను ఒకసారి అడిగాము. కెటిల్ చవకగా దొరికితే కొనకుండా ఉంటామా అంది.

ఇదే ప్రశ్న 2011లో దేశమంతటి ముందుకూ వచ్చింది. గేమ్, మాక్రో దుకాణాలకు యజమాని అయిన మాస్‌మార్ట్‌లో 51 శాతం వాటాను అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ కొన్నది. ధరలు తగ్గుతాయని ఒకరు, ఇక్కడి కార్ఖానాలు మూతపడతాయని కార్మిక సంఘాలు వాదించాయి. పోటీ న్యాయస్థానం షరతులతో ఒప్పుకుంది. రెండేళ్ళు పనివారిని తీసివేయకూడదు, స్థానిక తయారీదారులకు సహాయంగా నిధి పెట్టాలి అన్నది. అదే సంవత్సరం మన డర్బన్ డిఫై కంపెనీని టర్కీకి చెందిన ఆర్చెలిక్ కొన్నది. మన సభలో స్టవ్ కొనేవారు ఉన్నారు, స్టవ్ తయారుచేసిన కార్ఖానాలో జీతం తిన్నవారూ ఉన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. చవక మంచిదా అని అడిగితే మేము బడిపంతులు జవాబే చెప్తాము: ఎవరికి, ఏ సంవత్సరంలో అని ముందు చెప్పండి.

ఇప్పుడు పిల్లలకు పుస్తకం అక్కరలేదు. అమెరికాలో అమెజాన్ ధరలను రోజూ చూసి గీతలు గీసి చూపే సేవలు 2008 నుంచి ఉన్నాయి. అమెజాన్ మన దేశంలో 2024 మే 7న ప్రారంభమైంది. ఫోను మీద ధర దిగినప్పుడు గంట మ్రోగుతుంది. ఇది మంచిదే. అయినా సాయంకాలపు తరగతికి వచ్చే పిల్లలకు మేము అమ్మ నేర్పిన రెండు మూడు సంగతులు చెప్తూ ఉంటాము. వస్తువు పేరు కాదు, వెనుక ఉన్న నంబరు మొత్తం వ్రాసుకోండి. తగ్గింపు రోజున కొన్నిసార్లు ఒక్క అక్షరం తేడాతో, ఒక అర తక్కువతో ఇంకొక ఫ్రిజ్ నిలబెడతారు. ఇంటికి తెచ్చే ఖర్చు ధరలో ఉందో లేదో చూడండి. బోనస్ డబ్బు చేతికి వచ్చే డిసెంబరులో కాదు, ఫీజులు కట్టి అందరి జేబులూ ఖాళీ అయిన జనవరి ఆఖరులో ధర చూడండి. షాప్-సాయిల్డ్ అని మూలన పెట్టిన దాని మీద గీత ఎక్కడ ఉందో వంగి చూడండి. గోడ వైపు ఉండే గీత అయితే మీకేం?

మా సొంత పుస్తకంలో కూడా ఒక ఖాళీ ఉంది. 2021 జూలై అల్లర్ల వారంలో డర్బన్ దుకాణాలు, గోదాములు దోచుకోబడ్డాయి, కాల్చబడ్డాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మాక్రో కాలిపోయింది. రొట్టె కోసం తెల్లవారుజాము నుంచి వరుసలో నిలబడిన ఆ రోజులలో ఫ్రిజ్ ధర వ్రాయాలని ఎవరికి తోస్తుంది? ఆ పేజీ అలాగే ఉంచాము, తేదీ మాత్రం వేశాము.

చివరగా సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళలో పాత రసీదులు, వాయిదా కార్డులు, లే-బై కాగితాలు, ప్రకటన కత్తిరింపులు ఉంటే పారవేయకండి. కార్బన్ కాగితంతో వ్రాసిన పాత రసీదులు ఎంత కాలమైనా నిలుస్తాయి. కాని ఇప్పటి దుకాణాలు ఇచ్చే నున్నటి స్లిప్పులు వేడికి అక్షరం తేలే కాగితం మీద అచ్చు వేసినవి, కొన్నేళ్ళలో తెల్లబడిపోతాయి. ముందు వాటిని తీసుకురండి. సాయంకాలపు తరగతి జరిగే గదిలో మేము నకలు తీసి, అసలు మీకు తిరిగి ఇస్తాము. ఏ వస్తువు, ఎవరి వంటిల్లు, ఏ సంవత్సరం అనేది వెనుక పెన్సిలుతో వ్రాసి తెస్తే చాలు. తెలుగులో వ్రాసినా సరే, ఇంగ్లీషులో వ్రాసినా సరే, బొగ్గు గీతలైనా సరే.